గురి మనది, తూటా పరాయిది
మిల్లీమీటర్లలో తేలే పతకాలు - దిగుమతి తూటాలపైనే ఆధారపడిన మన రైఫిల్ షూటర్లు

పారిస్ ఒలింపిక్స్‌లో భాగంగా 2024 జూలై 31న ఫ్రాన్సులోని షాతోరూ రేంజిలో 50 మీటర్ల రైఫిల్ మూడు భంగిమల పోటీకి అర్హత రౌండు జరిగింది. భారతదేశం తరఫున ఇద్దరు బరిలో దిగారు. మహారాష్ట్రకు చెందిన స్వప్నిల్ కుసాలే 590 పాయింట్లతో ఏడవ స్థానంలో నిలిచి ఫైనల్‌కు చేరుకున్నాడు. మధ్యప్రదేశ్‌కు చెందిన ఐశ్వరీ ప్రతాప్ సింగ్ తోమర్ 589 పాయింట్లతో పదకొండవ స్థానంలో ఆగిపోయాడు. మరునాడు కుసాలే 451.4 పాయింట్లతో కాంస్య పతకం గెలుచుకున్న సంగతి దేశమంతటికీ తెలిసిందే. తోమర్ పేరు మాత్రం పత్రికల్లో ఒకటి రెండు వాక్యాలకే పరిమితమైంది.

ఇద్దరి మధ్య తేడా 60 తూటాల్లో ఒక్క పాయింటు. దానిని కొలతలోకి మార్చి చూస్తే ఈ క్రీడ స్వభావం బోధపడుతుంది. 50 మీటర్ల రైఫిల్ లక్ష్యంలో పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు. ఒక వలయానికీ మరొక వలయానికీ మధ్య ఎడం 8 మిల్లీమీటర్లు. గుండు చేసిన రంధ్రం అంచు వలయపు గీతను తాకినా పై పాయింటే ఇస్తారు. అంటే లక్ష్యం కేంద్రం నుంచి 8 మిల్లీమీటర్ల లోపు గుండు మధ్యభాగం తగిలితే పది, ఒక వెంట్రుకవాసి బయటికి పోతే తొమ్మిది. ఫైనల్‌లో పాయింటును పది భాగాలు చేసి 10.9 వరకూ లెక్కిస్తారు కనుక అక్కడ ఒక్కొక్క భాగం విలువ 0.8 మిల్లీమీటరు మాత్రమే.

ఇంతటి సూక్ష్మమైన పోటీలో మనిషి చేయి, కన్ను, ఊపిరి, గుండె చప్పుడు ఎంత ముఖ్యమో, తుపాకీలో పెట్టే తూటా కూడా అంతే ముఖ్యం. మన షూటర్లు ప్రపంచ స్థాయికి చేరి రెండు దశాబ్దాలు దాటింది. వారు అంతర్జాతీయ పోటీల్లో వాడే తూటా మాత్రం నేటికీ ప్రధానంగా బ్రిటన్, జర్మనీ కర్మాగారాల నుంచే రావలసి ఉంది.

అంచులో నిప్పు

ఈ పోటీలో వాడే తూటాను 'పాయింట్ 22 లాంగ్ రైఫిల్' అంటారు. 1887లో అమెరికాలో రూపుదిద్దుకున్న ఈ తూటా ఆకారం నూటముప్పై ఏళ్లకు పైబడినా పెద్దగా మారలేదు. చిటికెన వేలి కొసంత ఇత్తడి గొట్టం, దానిలో చిటికెడు మందు, పైన సుమారు 2.6 గ్రాముల సీసపు గుండు, ఆ గుండుకు పైపూతగా మైనం వంటి కందెన. అంతర్జాతీయ షూటింగ్ క్రీడా సమాఖ్య నిబంధనల ప్రకారం గుండు సీసంతో గానీ, అటువంటి మెత్తని పదార్థంతో గానీ చేసినదై ఉండాలి.

దీని ప్రత్యేకత అడుగున ఉన్న అంచులో ఉంది. పెద్ద తూటాలకు అడుగు భాగంలో మధ్యన ప్రైమర్ అనే చిన్న బిళ్ళ విడిగా ఉంటుంది. తుపాకీ సూది దానిని కొడితే నిప్పు పుట్టి మందు అంటుకుంటుంది. పాయింట్ 22 తూటాకు అటువంటి బిళ్ళ లేదు. నిప్పు పుట్టించే రసాయనాన్ని తడిగా ఉండగానే గొట్టంలో వేసి గిరగిరా తిప్పుతారు. అది అంచు మడతలోకి చుట్టూ పాకి అక్కడే ఆరిపోతుంది. తుపాకీ సూది ఆ అంచును నొక్కినప్పుడు తూటా పేలుతుంది. రసాయనం చుట్టూ సమానంగా పరచుకోకపోతే, ఒక పక్క కాస్త పలచబడితే నిప్పు బలం తగ్గుతుంది, గుండు వేగం మారుతుంది. దీపావళికి ఒకే పెట్టెలో కొన్న టపాకాయల్లో ఒకటి పెళ్ళున పేలి మరొకటి తుస్సుమనడం మనందరికీ అనుభవమే. ఇక్కడ తుస్సుమనడం దాకా పోనక్కరలేదు, నూటికి మూడు పాళ్ళు తేడా వచ్చినా చాలు.

లెక్క వేసి చూద్దాం. పోటీ రకం తూటా నుంచి గుండు సెకనుకు సుమారు 325 మీటర్ల వేగంతో బయలుదేరుతుంది. 50 మీటర్లు దాటడానికి దానికి సెకనులో ఆరవ వంతు కాలం పడుతుంది. ఆ కాస్త సమయంలోనే భూమ్యాకర్షణ వల్ల అది 12 సెంటీమీటర్లకు పైగా కిందికి జారుతుంది. తుపాకీ చూపును ఆ జారుడుకు సరిపోయేలా ముందే సరిచేసి పెట్టుకుంటారు కనుక చిక్కు లేదు. అయితే ఒక తూటా వేగం సెకనుకు 10 మీటర్లు తగ్గిందనుకుంటే ఆ గుండు మామూలు కంటే మరో ఏడెనిమిది మిల్లీమీటర్లు దిగువన తగులుతుంది. ఇది సరిగ్గా ఒక వలయం ఎడం. గురి చూసినవాడి తప్పు ఏమీ లేకుండానే పది కాస్తా తొమ్మిది అవుతుంది. మేలురకం తూటాల్లో వేగాల సగటు తేడా సెకనుకు రెండు మూడు మీటర్లను మించకుండా చూస్తారు. చవకరకం తూటాల్లో అది ఎక్కువ ఉంటుంది.

మరి వేగాన్ని పెంచి జారుడు తగ్గించుకోరాదా అని సందేహం రావచ్చు. గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. అంతకు మించిన వేగంతో బయలుదేరిన గుండు మధ్యదారిలో ధ్వని వేగం కంటే కిందికి దిగవలసి వస్తుంది. ఆ దిగే చోట గాలి ఒత్తిడి కుదుపు తగిలి గుండు తొణుకుతుంది. అందుకే పోటీ తూటాలను మొదటి నుంచీ ధ్వని వేగానికి లోపలే ఉండేలా తయారు చేస్తారు. వేటకు వాడే వేగవంతమైన పాయింట్ 22 తూటా పోటీకి పనికిరాకపోవడానికి ఒక ముఖ్య కారణం ఇది.

ఒకే కంపెనీ, ఒకే పేరు, వేరు ఫలితం

షూటర్ల సంభాషణలో తరచూ వినిపించే మాట 'లాట్'. ఒకే యంత్రం మీద, ఒకే విడత సీసంతో, ఒకే విడత మందుతో తయారైన తూటాల రాశికి ఒక సంఖ్య ఇస్తారు. 50 తూటాలు ఒక పెట్టె, పది పెట్టెలు కలిపితే 'ఇటుక', పది ఇటుకలు ఒక పెద్ద డబ్బా. ప్రతి పెట్టె మీదా లాట్ సంఖ్య అచ్చయి ఉంటుంది. పేరు ఒకటే, ధర ఒకటే అయినా ఒక లాట్ తూటాలు ఒక తుపాకీలో నాణెమంత చోట గుంపుగా తగిలి, మరో లాట్ తూటాలు అదే తుపాకీలో చెదిరిపోవచ్చు. పక్కవాడి తుపాకీలో ఫలితం ఇందుకు పూర్తిగా తారుమారు కావచ్చు. ప్రతి బ్యారెల్‌కూ దాని సొంత కొలతలు, సొంత అదురు ఉంటాయి. కనుక మంచి తూటా అనే మాటకు అర్థం లేదు, ఈ తుపాకీకి మంచి తూటా అన్నదే ఉంది.

బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఉన్న ఈలీ, జర్మనీలోని షోనెబెక్ పట్టణంలో పాయింట్ 22 తూటాలు తయారు చేసే ఫిన్లాండ్ సంస్థ లాపువా ఈ అవసరాన్ని గుర్తించి తమ ఆవరణలోనే పరీక్షా రేంజిలు నెలకొల్పాయి. షూటర్ తన తుపాకీని తీసుకువెళ్తే దానిని ఇనుప పట్టులో బిగిస్తారు. మనిషి ప్రమేయం లేకుండా ఒక్కొక్క లాట్ నుంచి పదేసి తూటాల చొప్పున పలుమార్లు కాల్చి, తగిలిన చోట్లను యంత్రంతో కొలుస్తారు. అన్నింటిలోకీ బిగువైన గుంపు ఇచ్చిన లాట్‌ను షూటర్ ఎంచుకుని, ఏడాదికి సరిపడా కొనుక్కుంటాడు. యూరప్‌లోని షూటర్‌కు ఇది రైలెక్కి వెళ్ళి సాయంత్రానికి ఇంటికి చేరుకునే పని.

మన షూటర్‌కు అది తుపాకీతో సహా విదేశీ ప్రయాణం. ఇక్కడి లైసెన్సు, అక్కడి అనుమతి, విమాన సంస్థ ఒప్పుదల అన్నీ కుదరాలి. విమానాల్లో ఒక ప్రయాణికుడు తన సామానులో తీసుకువెళ్ళగల తూటాల బరువు 5 కిలోలకు మించరాదని అంతర్జాతీయ నిబంధన. పెట్టెల బరువుతో కలిపి లెక్కిస్తే పాయింట్ 22 తూటాలు ఆ పరిమితిలో 1500 లోపే వస్తాయి. గట్టిగా సాధన చేసేవారికి ఇవి కొద్ది వారాలకు కూడా చాలవు. మిగిలినవి సరుకుగా దిగుమతి కావలసిందే. ఆయుధాలు, తూటాల దిగుమతి మన దేశంలో నియంత్రిత జాబితాలో ఉంది. జాతీయ స్థాయిలో నిర్ణీత ప్రమాణాన్ని అందుకున్న 'ప్రఖ్యాత షూటర్లు', రైఫిల్ క్లబ్బులు క్రీడా శాఖ సిఫారసుతో తమ వాడకం కోసం తెప్పించుకోవచ్చు. కాగితాలు కదిలి, సరుకు ఓడరేవులో దిగి, తనిఖీలు పూర్తయి చేతికి అందేసరికి అక్కడ ఎంపిక చేసుకున్న లాట్ దొరక్కపోవచ్చు. అప్పుడు వచ్చిన లాట్‌తోనే సర్దుకోవాలి.

2014లో ప్రారంభమైన 'టాప్స్' పథకం కింద ఒలింపిక్ అవకాశాలున్న క్రీడాకారులకు కేంద్ర ప్రభుత్వం ఖర్చు భరిస్తున్నందున పై వరుసలో ఉన్నవారి ఇబ్బంది కొంత తగ్గింది. ఆ వరుస దాకా చేరుకోవడమే అసలు సమస్య. కుసాలే కుటుంబం అప్పు చేసి అతని సాధనకు తూటాలు కొన్న వైనం పతకం వచ్చాక పత్రికలకెక్కింది. తండ్రి ఉపాధ్యాయుడు, ఊరు కొల్హాపూర్ జిల్లాలోని కంబల్‌వాడి. తర్వాత రైల్వేలో ఉద్యోగం దొరికింది కనుక సరిపోయింది. ఒక్కొక్క గుండు గొట్టం దాటినప్పుడల్లా ఇంటి ఖర్చు కళ్ళముందు కదిలే కుర్రవాడికి నిశ్చలంగా గురి చూడడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు.

ఈ ఖర్చు భారం వల్లే మన దేశంలో చాలామంది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌తో మొదలుపెట్టి అక్కడే ఉండిపోతున్నారు. అందులో మందు లేదు, నిప్పు లేదు. అదిమిపెట్టిన గాలి అర గ్రాము సీసపు పెల్లెట్‌ను తోస్తుంది. అయినా అక్కడ కూడా పెల్లెట్ తల వ్యాసంలో మిల్లీమీటరులో నూరోవంతు తేడాను చూసి ఎంపిక చేసుకుంటారు. ఆ పోటీలో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరే. బీజింగ్‌లో 2008లో అభినవ్ బింద్రా 700.5 పాయింట్లతో స్వర్ణం సాధించినదీ, లండన్‌లో 2012లో హైదరాబాద్‌కు చెందిన గగన్ నారంగ్ 701.1 పాయింట్లతో కాంస్యం తెచ్చినదీ ఈ విభాగంలోనే. లండన్‌లో స్వర్ణానికీ నారంగ్ కాంస్యానికీ మధ్య తేడా సరిగ్గా ఒక్క పాయింటు. అదే ఒలింపిక్స్‌లో 50 మీటర్ల పడుకుని కాల్చే పోటీలో జయ్‌దీప్ కర్మాకర్ నాలుగవ స్థానంలో నిలిచాడు. పతకం 1.9 పాయింట్ల దూరంలో ఆగిపోయింది. ఆ పోటీని 2016 రియో ఒలింపిక్స్ తర్వాత కార్యక్రమం నుంచి తొలగించారు.

తూటాలు సొంతంగా నింపుకుంటే?

దుకాణంలో దొరికిన తూటా నచ్చకపోతే ఇంట్లోనే తయారు చేసుకోరాదా అన్నది సహజంగా తలెత్తే ప్రశ్న. పాయింట్ 22 విషయంలో అది సాధ్యం కాదు. కాల్చిన తూటా అంచు సూది దెబ్బకు నలిగిపోతుంది, ఆ మడతలో మళ్ళీ రసాయనాన్ని పరచడం ఇంట్లో జరిగే పని కాదు. కనుక ఆ తూటా ఒక్కసారికే.

మధ్యలో ప్రైమర్ ఉన్న పెద్ద తూటాల సంగతి వేరు. 300 మీటర్ల పోటీల్లోనూ, వేయి గజాల దూరపు పోటీల్లోనూ వీటిని వాడతారు. 300 మీటర్ల రైఫిల్ పోటీ 1972 మ్యూనిక్‌తో ఒలింపిక్స్ నుంచి వైదొలగినా ప్రపంచ చాంపియన్‌షిప్‌లలో కొనసాగింది. అమెరికాలో, యూరప్‌లోని పలు దేశాల్లో ఈ విభాగం షూటర్లు కాల్చిన ఇత్తడి గొట్టాలను దాచుకుని, కొత్త ప్రైమర్, మందు, గుండు అమర్చి మళ్ళీ వాడతారు. దీనినే వారు హ్యాండ్‌లోడింగ్ అంటారు. మనకు నాటు తుపాకీలో మందు కూరడం తెలుసు. అది పిడికిలి లెక్క. ఇది తక్కెడ లెక్క.

ఆ తక్కెడ మామూలుది కాదు. మందును గ్రెయిన్‌లో పదవ వంతు వరకూ తూస్తారు. అంటే సుమారు ఆరున్నర మిల్లీగ్రాములు, రెండు మూడు ఆవగింజల బరువు. పేలినప్పుడు ఇత్తడి గొట్టం ఉబ్బుతుంది కనుక దానిని అచ్చులో నొక్కి పూర్వపు కొలతకు తేవాలి. పలుమార్లు వాడిన గొట్టం మెడ పొడవు సాగుతుంది, దానిని కత్తిరించాలి. ఇత్తడి గట్టిపడి మెడ పగలకుండా వేడిచేసి మెత్తబరచాలి. గుండును ఎంత లోతున కూర్చోబెట్టాలన్నది ఆ తుపాకీ గొట్టాన్ని బట్టి నిర్ణయించుకోవాలి. ఇన్ని చేశాక దక్కే లాభం ఏమిటంటే ఒక తూటాకూ మరో తూటాకూ వేగంలో తేడా తగ్గడం. 50 మీటర్ల దూరంలో మిల్లీమీటర్లుగా ఉన్న తేడా వేయి గజాల దూరంలో జానెడు అవుతుంది కాబట్టి దూరపు పోటీవారికి ఈ శ్రమ గిట్టుబాటే.

ఈ విద్యలో అనుభవజ్ఞులు మొదట చెప్పే జాగ్రత్త పాయింట్లను గురించి కాదు, ప్రాణాన్ని గురించి. మందు తయారీదారు ముద్రించిన పట్టికలో ఉన్న గరిష్ఠ పరిమాణంతో ఎన్నడూ మొదలుపెట్టరాదు. దానికంటే సుమారు పదో వంతు తక్కువతో ఆరంభించి, గొట్టం మీద ఒత్తిడి చిహ్నాలు గమనిస్తూ కొద్దికొద్దిగా పెంచుకోవాలి. పనిచేసే బల్లపై ఒక సమయంలో ఒకే రకం మందు డబ్బా ఉండాలి. పిస్తోలుకు వాడే త్వరగా మండే మందు పొరపాటున రైఫిల్ తూటాలో పడితే, లేదా ఒకే గొట్టంలో రెండుసార్లు మందు పడితే తుపాకీ చేతిలోనే బద్దలవుతుంది. మందు పడకుండా ప్రైమర్ ఒక్కటే పేలితే గుండు బ్యారెల్ మధ్యలో ఇరుక్కుంటుంది. చప్పుడు బలహీనంగా వినిపించినా లెక్కచేయక వెంటనే రెండో తూటా కాల్చడం ఆత్మహత్యా సదృశం. అన్ని హంగులూ ఉన్న కర్మాగారాలకే ఈ ప్రమాదం తప్పలేదు. ఫిన్లాండ్‌లోని లాపువా పట్టణంలో 1976 ఏప్రిల్ 13న తూటాల కర్మాగారంలో మందు నింపే విభాగం పేలిపోయి 40 మంది చనిపోయారు. వారిలో అత్యధికులు అక్కడ పనిచేసే స్త్రీలు.

మన దేశంలో ఈ ముచ్చట చట్టం దగ్గరే ఆగిపోతుంది. 1959 నాటి ఆయుధ చట్టం ఇచ్చిన నిర్వచనం ప్రకారం తూటాతో పాటు తూటా భాగాలు, దానిని తయారు చేసే యంత్రాలు కూడా మందుగుండు కిందకే వస్తాయి. లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. 2019 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన సవరణతో అక్రమ తయారీకి కనీస శిక్ష ఏడేళ్ళకు పెరిగింది, గరిష్ఠం యావజ్జీవం. విదేశీ పుస్తకాలు చదివి, పరికరాలు తెప్పించుకుని ఇంట్లో ప్రయోగాలు చేద్దామనుకునే ఉత్సాహవంతులు ఈ సంగతి ముందుగా గ్రహించాలి. అక్రమ ఆయుధాల బెడద ఉన్న దేశంలో ప్రభుత్వానికి ఈ కాఠిన్యం అవసరమేనని ఒప్పుకోక తప్పదు. అదే సవరణ బిల్లు మొదట పౌరులకు ఉండగల తుపాకుల సంఖ్యను మూడు నుంచి ఒకటికి తగ్గించాలని ప్రతిపాదించగా, చివరికి రెండుగా ఖరారైంది. క్రీడాకారులకు ప్రత్యేక మినహాయింపు కొనసాగింది. 2020లో కేంద్ర హోం శాఖ వారికి అనుమతించిన తుపాకుల, తూటాల పరిమితులను పెంచింది. పరిమితి పెరిగినంత మాత్రాన సరుకు దొరుకుతుందని అర్థం కాదు.

అందరికీ ఒకే తూటా

తూటా తేడాలు ఫలితాన్ని శాసించకుండా చూసే మరో పద్ధతి బ్రిటన్‌లో ఉంది. 1859లో ఏర్పడిన అక్కడి జాతీయ రైఫిల్ సంఘం 1890 నుంచి బిస్లీ రేంజిలో ఏటా పోటీలు నిర్వహిస్తోంది. వాటిలో అగ్రశ్రేణిదైన రాజు బహుమతి పోటీలో షూటర్లు సొంత తూటాలు తెచ్చుకోవడం సంప్రదాయం కాదు. నిర్వాహకులే అందరికీ ఒకే రకం తూటాలు పంచుతారు. తూటా బాగా లేకపోతే అందరికీ బాగా లేనట్లే. 900, 1000 గజాల దూరంలో గాలి వాటం చదవగలిగినవాడే గెలుస్తాడు. మన జాతీయ పోటీల్లో కనీసం జూనియర్ విభాగంలోనైనా ఇటువంటి ఏర్పాటు గురించి ఆలోచించదగును. ప్రతి తుపాకీకీ నప్పే లాట్ వేరు కనుక పాయింట్ 22లో ఇది నూటికి నూరుపాళ్ళు న్యాయం చేయలేదు. అయినా డబ్బున్నవాడి పెట్టెకూ లేనివాడి పెట్టెకూ మధ్య దూరం కొంత తగ్గుతుంది.

దేశంలో పాయింట్ 22 తూటాలు అసలే తయారు కావడం లేదని కాదు. ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలు చాలాకాలంగా వాటిని తయారు చేస్తున్నాయి. 2021 అక్టోబరు 1న ఆయుధ కర్మాగారాల బోర్డును రద్దు చేసి ఏడు కంపెనీలుగా విడదీసినప్పుడు మందుగుండు కర్మాగారాలు పుణే కేంద్రంగా ఏర్పడిన మ్యునిషన్స్ ఇండియా లిమిటెడ్ కిందకు వచ్చాయి. సైన్యానికి ఫిరంగి గుండ్ల నుంచి తుపాకీ తూటాల దాకా సరఫరా చేసే సంస్థకు, ఏడాదికి కొద్ది వేల మంది క్రీడాకారులు వాడే తూటా చిన్న పద్దు. పైగా పోటీ తూటా తయారీ రహస్యం యంత్రంలో కంటే వేరు చేయడంలో ఎక్కువ ఉంది. యూరప్ కంపెనీలు ఒకే వరుసలో తయారైన తూటాలను పరీక్షించి, మేలైన లాట్లను పై ధరకూ, తక్కినవాటిని సాధన రకంగా తక్కువ ధరకూ అమ్ముకుంటాయి. ఈ వ్యాపారం సాగాలంటే అన్ని రకాలకూ కొనుగోలుదారులుండాలి. పౌరుల చేతిలో తుపాకులు తక్కువగా ఉన్న మన దేశంలో సాధన రకానికి మార్కెట్ పరిమితం. ప్రైవేటు పెట్టుబడిదారుడు వెనకాడడానికి కారణం ఇక్కడ ఉంది.

ఉన్నదానితో నెట్టుకురావలసిన షూటర్ చేయగలిగింది కొంత ఉంది. చేతిలో ఉన్న రెండు మూడు లాట్లను పోల్చేటప్పుడు మూడేసి తూటాలు కాల్చి తేల్చేయడం మన రేంజిల్లో పరిపాటి. గణితం దీనిని ఒప్పుకోదు. తూటాల సంఖ్య పెరిగిన కొద్దీ గుంపు విస్తరించడం సహజ ధర్మం. మూడు తూటాల గుంపు 10 మిల్లీమీటర్లు వస్తే, అదే తూటాతో పది కాల్చినప్పుడు సగటున 16 మిల్లీమీటర్ల దాకా రావచ్చు. మూడు తూటాల్లో మెరిసిన లాట్ నలభై తూటాల్లో తేలిపోయిన సందర్భాలు కోకొల్లలు. ఒక్కొక్క లాట్‌కూ పదేసి తూటాల గుంపులు నాలుగు కాల్చి చూడడానికి ఖర్చవుతుంది. తప్పుడు లాట్ వెయ్యి తూటాలు కొనడంతో పోలిస్తే అది తక్కువ ఖర్చే. ఒక కంపెనీ తూటా నుంచి మరో కంపెనీ తూటాకు మారినప్పుడు గొట్టంలో పాత కందెన పోయి కొత్తది పరచుకునేదాకా మొదటి ఇరవై తూటాల ఫలితాన్ని లెక్కలోకి తీసుకోరాదు. ఎండలో నిలిపిన కారులో తూటాల పెట్టె వదిలివేయరాదు. వేడికి కందెన మెత్తబడుతుంది, మందు మండే తీరు మారుతుంది. మే నెలలో హైదరాబాద్ రేంజిలో సరిచేసుకున్న చూపు డిసెంబరులో ఢిల్లీ చలికి సరిపోకపోవడం వింతేమీ కాదు.

పోయిన ప్రతి పాయింటుకూ తూటాను నిందించడం కూడా షూటర్లలో ఉన్న అలవాటే. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 2023లో కుసాలే ఫైనల్‌లో ముందంజలో ఉండి, నిలుచుని కాల్చే దశలో ఒక్క 7.6 వల్ల నాలుగవ స్థానానికి జారిపోయాడు. అంత దూరం తప్పడానికి ఏ లాటూ కారణం కాజాలదు. అది మనసు అదిరిన క్షణం. అదే క్రీడల్లో కుసాలే, తోమర్, అఖిల్ షెరాన్ కలిసి 1769 పాయింట్ల ప్రపంచ రికార్డుతో జట్టు స్వర్ణం గెలిచారు. మహిళల విభాగంలో సిఫ్ట్ కౌర్ సమ్రా 469.6 పాయింట్ల ప్రపంచ రికార్డుతో స్వర్ణం సాధించింది. ప్రతిభకు కొదవ లేదనడానికి ఇంతకు మించిన నిదర్శనం అక్కరలేదు.

ఇదిలా ఉండగా యూరప్ నుంచే మరో చిక్కు ముంచుకొచ్చేలా ఉంది. సీసం విషతుల్యమని యూరోపియన్ యూనియన్ 2023 ఫిబ్రవరి నుంచి చిత్తడి నేలల్లో సీసపు రవ్వల వాడకాన్ని నిషేధించింది. తూటాల్లో సీసం వాడకంపై మరింత విస్తృతమైన ఆంక్షల ప్రతిపాదనను అక్కడి రసాయనాల సంస్థ పరిశీలించింది. క్రీడా రేంజిలకు షరతులతో కూడిన మినహాయింపులు చర్చలో భాగమయ్యాయి. సీసం మెత్తనిది, బరువైనది, బ్యారెల్ గాడులకు ఇట్టే ఒదిగిపోతుంది. అంతటి గురిని ఇవ్వగల మరో లోహాన్ని ఇదే ధరకు అందించడం తయారీదారులకు సులభం కాదు. అక్కడ కర్మాగారం పద్ధతి మార్చుకుంటే ధర పెరిగేది ఇక్కడ పుణేలోనూ, హైదరాబాద్‌లోనూ సాధన చేసే జూనియర్ షూటర్‌కే. 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్ కార్యక్రమంలో 50 మీటర్ల మూడు భంగిమల పోటీ పురుషులకూ మహిళలకూ ఉంది. అందుకు కావలసిన తూటాలకు ఆర్డర్లు పెట్టవలసిన సమయం మాత్రం పోటీకి చాలా ముందుగానే వస్తుంది.